యాంప్ వేడెక్కి ఆగిపోతోంది, ఏ ఫ్యాన్ పెట్టమంటారు?

ప్రశ్న: నమస్తే సార్. నా కారులో నాలుగు ఛానళ్ల క్లాస్ ఏబీ యాంప్లిఫైయర్ ఉంది. ముందు రెండు ఛానళ్లు డోర్ స్పీకర్లకి ఇచ్చారు. వెనక రెండూ బ్రిడ్జ్ చేసి, అంటే రెండు ఛానళ్లనీ ఒకటిగా కలిపి, ఒక సబ్‌వూఫర్‌కి (లోతైన బాస్ ఇచ్చే స్పీకర్) ఇచ్చారు. యాంప్ ముందు సీటు కింద, కార్పెట్ మీద ఉంది. పాటలు పెట్టిన 20, 25 నిమిషాలకి ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ దానంతటదే వస్తుంది. ఎండలో నిలిపిన కారు తీస్తే 10 నిమిషాలకే ఆగిపోతోంది. చెయ్యి పెడితే కాలుతోంది. సబ్‌కి రెండు కాయిల్స్, ఒక్కోటి 4 ఓమ్స్, రెండింటినీ కలిపి కట్టారు. యాంప్ మీద ఛానల్‌కి 60 వాట్లు, బ్రిడ్జ్ చేస్తే 4 ఓమ్స్‌కి 200 వాట్లు అని రాసి ఉంది. ఏ ఫ్యాన్ పెట్టాలి, ఒకటి చాలా, రెండు కావాలా? దీన్ని తీసేసి క్లాస్ డీ అనే ఇంకో రకం యాంప్ కొనమని కొందరు అంటున్నారు, కొనాలా? ఇన్నిసార్లు ఆగింది కదా, లోపల పాడైపోయి ఉంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ఫ్యాన్ గురించి తప్పకుండా చెప్తాను, కానీ చివర్లో. ఎందుకంటే మీ ఉత్తరంలో 'రెండింటినీ కలిపి కట్టారు' అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మీ కష్టంలో పెద్ద భాగం ఆ ముడిలోనే ఉంది. అది విప్పకుండా ఎన్ని ఫ్యాన్లు పెట్టినా యాంప్ 25 నిమిషాలకి బదులు 40 నిమిషాలకి ఆగుతుంది, అంతే.

ముందు ఆ ఎర్ర లైటు సంగతి. పాట పెట్టగానే లైటు వెలిగితే ఎక్కడో వైరు తగులుతోందనో, స్పీకర్ కాయిల్ కాలిందనో అనుమానించాలి. మీది అలా కాదు. కొంతసేపు బాగా పాడి, వేడెక్కి, ఆగి, చల్లారాక మళ్లీ వస్తోంది. ఇది వేడి వల్ల ఆగడమే. లోపల ఉన్న సెన్సర్ తన పని తాను చేస్తోంది. దాన్ని తప్పించే ప్రయత్నం ఎవరు చెప్పినా చెయ్యకండి.

ఇప్పుడు కాయిల్స్. ఓమ్స్ అంటే కరెంటుకి ఎంత అడ్డు ఉందో చెప్పే కొలత. 4 ఓమ్స్ కాయిల్స్ రెండింటినీ ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపితే మొత్తం 2 ఓమ్స్ అవుతుంది. దీన్ని ప్యారలల్ అంటారు. మీ యాంప్ బ్రిడ్జ్‌లో 4 ఓమ్స్‌కి రాసిపెట్టింది. అందులో సగం ఓమ్సే దానికి తగిలించారు. ఓమ్స్ సగమైతే కరెంటు రెట్టింపవుతుంది. లెక్క వేసి చూడండి. 4 ఓమ్స్‌లో 200 వాట్లు రావాలంటే యాంప్ 28 వోల్టులు, 7 ఆంపియర్లు ఇవ్వాలి. అదే 28 వోల్టులు 2 ఓమ్స్ మీద పడితే 14 ఆంపియర్లు లాగుతుంది. లోపలి ట్రాన్సిస్టర్లు 14 ఆంపియర్లు మోయడానికి కట్టినవి కావు.

బ్రిడ్జ్ చెయ్యడంలో ఇంకో సంగతి ఉంది, చాలామందికి ఇది ఎవరూ చెప్పరు. పెద్ద దుంగను కోసేటప్పుడు రంపానికి అటొకరు ఇటొకరు ఉంటారు కదా, ఒకరు లాగుతుంటే రెండోవారు తోస్తారు. బ్రిడ్జ్‌లో రెండు ఛానళ్లు చేసేది అదే పని. దాంతో స్పీకర్‌కి వోల్టేజీ రెట్టింపు అందుతుంది. అయితే ఒక్కో ఛానల్‌కి మాత్రం స్పీకర్ ఓమ్స్‌లో సగమే ఉన్నట్టు లెక్క. 4 ఓమ్స్ సబ్ అయితే ఒక్కో ఛానల్‌కి అది 2 ఓమ్స్‌లా కనిపిస్తుంది. మీ 2 ఓమ్స్ సబ్ ఒక్కో ఛానల్‌కి 1 ఓమ్‌లా కనిపిస్తోంది. కారు ఆడియోలో 1 ఓమ్ అంటే దానికోసం ప్రత్యేకంగా తయారుచేసిన యాంప్‌లు మోయాల్సిన బరువు. అయినా మీ యాంప్ 20 నిమిషాలు మోస్తోందంటే అది మంచి యాంపే.

కాబట్టి మొట్టమొదట చెయ్యాల్సింది కాయిల్స్‌ని సిరీస్‌లో కట్టడం. కారు ఆపి, యాంప్ ఆఫ్ చేసి మొదలుపెట్టండి. యాంప్ ప్లస్ నుంచి వచ్చిన వైరు మొదటి కాయిల్ ప్లస్‌కి ఇవ్వండి. మొదటి కాయిల్ మైనస్ నుంచి ఒక చిన్న వైరు రెండో కాయిల్ ప్లస్‌కి. రెండో కాయిల్ మైనస్ యాంప్ మైనస్‌కి. అంతే, ఇప్పుడది 8 ఓమ్స్. కట్టే ముందొకసారి, కట్టాక ఒకసారి మల్టీమీటర్‌తో చూడండి. యాంప్ దగ్గర సబ్ వైర్లు రెండూ విప్పి కొలవాలి. మీటర్ చూపేది స్పీకర్ మీద రాసిన అంకె కన్నా కొంచెం తక్కువే ఉంటుంది. 2 ఓమ్స్‌కి 1.6, 1.8 అలా, 8 ఓమ్స్‌కి 7 దగ్గర. ఇంత చిన్న అంకెలు కొలిచేటప్పుడు మీటర్ వైర్ల ఓమ్స్ కూడా కలిసిపోతాయి. అందుకని ముందు ఆ రెండు మొనల్ని ఒకదానికొకటి ఆనించి ఎంత వస్తుందో చూసి, అది తీసెయ్యండి.

మీ కంగారు నాకు అర్థమవుతోంది. 8 ఓమ్స్‌కి మార్చితే బాస్ చచ్చిపోతుందేమో అని. రాసి ఉన్న 200 వాట్లు 8 ఓమ్స్ మీద సుమారు 100 అవుతాయి, నిజమే. కానీ చెవికి వాట్లు సగమైతే శబ్దం సగమైనట్టు అనిపించదు. సగం వాట్లంటే 3 డెసిబెల్స్ తేడా. శబ్దం సగానికి పడిపోయినట్టు చెవికి తోచాలంటే 10 డెసిబెల్స్ దాకా తగ్గాలి. తేడా తెలుస్తుంది, కాదనను. ఒక వారం అలా విని చూడండి. మధ్యలో ఆగిపోకుండా ప్రయాణం మొత్తం పాడే 100 వాట్లు, 20 నిమిషాలకి మూగబోయే యాంప్ కన్నా ఎంత మేలో మీకే తెలుస్తుంది. అప్పటికీ బాస్ చాలదనిపిస్తే దారి ఉంది, క్లాస్ డీ దగ్గర చెప్తాను.

రెండోది ఎర్త్, అంటే యాంప్ మైనస్‌ని కారు బాడీకి కలిపే వైరు. ఇది నేను స్వయంగా పడ్డ అనుభవం, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. చాలాకాలం కిందట నా కారులో యాంప్ ఇలాగే కాలేది. నేనూ ముందు ఫ్యాన్లే పెట్టాను. రెండు ఆదివారాలు సీటు విప్పి, బిగించి, ఫ్యాన్ ఇటు తిప్పి, అటు తిప్పి చూశాను. ఫలితం లేదు. చివరికి పాట మోగుతుండగా మల్టీమీటర్ ఒక మొన యాంప్ ఎర్త్ స్క్రూ మీద, రెండోది ఒక పొడుగు వైరు సాయంతో బ్యాటరీ మైనస్ మీద పెట్టాను. దాదాపు ఒక వోల్ట్ కనిపించింది. ఆ రెండు చోట్లా ఉండాల్సింది ఒకే మైనస్, వాటి మధ్య ఒక వోల్ట్ ఎందుకుండాలి? ఎర్త్ వైరు చివర బిగించిన బోల్ట్ విప్పి చూస్తే, రింగు కింద కారు పెయింట్ అలాగే నిగనిగలాడుతోంది. కరెంటంతా పెయింట్ దాటలేక, బోల్ట్ మరల గుండా ఎలాగో తోవ చేసుకుని పోతోంది. రింగు అంచు నల్లబడి ఉంది. పెయింట్ గీకి, ఎమరీ పేపర్‌తో రుద్ది, ఇనుము తెల్లగా మెరిశాక మళ్లీ బిగించాను. అదే పరీక్షలో మీటర్ 0.1 వోల్ట్ కూడా చూపలేదు. యాంప్ ఒంటి మీద చెయ్యి ఆనించి ఉంచగలిగాను.

ఎర్త్ సరిగ్గా లేకపోతే వేడి ఎందుకు పెరుగుతుందో తెలిస్తే ఈ పని మీరు వాయిదా వెయ్యరు. కొన్ని యాంప్‌లలో లోపలి పవర్ సప్లయ్ ఎలాగైనా నిర్ణీత వోల్టేజీ నిలబెట్టాలని చూస్తుంది. బయటి నుంచి వోల్టేజీ తక్కువ అందితే, ఆ లోటు పూడ్చడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది. మిగతావాటిలో వోల్టేజీ తగ్గితే శబ్దం తగ్గి, త్వరగా చిరుగుతుంది. అది వినలేక మనం యాంప్ మీదున్న గెయిన్ నాబ్ పెంచుతాం, మళ్లీ వేడి. ఇవి కాక అతుకు దగ్గర పుట్టే వేడి వేరే. 0.02 ఓమ్ అంటే మీటర్ సరిగ్గా చూపలేనంత చిన్న అడ్డు. దాని గుండా 30 ఆంపియర్లు పోతే 18 వాట్ల వేడి పుడుతుంది. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి అది. అలాంటి అతుకు యాంప్ టెర్మినల్ దగ్గరే ఉంటే ఆ వేడి నేరుగా లోపలికే పోతుంది.

మీరు చూడాల్సినవి ఇవి. ఎర్త్ వైరు పొడవు మూరెడు దాటకూడదు. మందం ప్లస్ వైరుతో సమానంగా ఉండాలి. రింగు కింద పెయింట్ ఉండకూడదు. బిగించాక తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు గానీ పెయింట్ గానీ పూయండి. ఎర్త్ కోసం సీట్‌బెల్ట్ బోల్ట్ ఎప్పుడూ విప్పకండి, సీటు బిగించే బోల్ట్ కూడా వాడకండి. ప్రమాదంలో మన ప్రాణం పట్టి ఉంచేవి అవి. బాడీ ఇనుము మందంగా ఉన్న చోటు చూసుకుని వేరే రంధ్రం చేయించండి, కింద ఇంధనం పైపు, బ్రేక్ పైపు, వైర్లు ఏమీ లేవని చూసుకున్నాకే.

ప్లస్ వైరు కూడా ఇదే లెక్క. మీ యాంప్‌కి బ్యాటరీ నుంచి వచ్చే వైరు సుమారు 5 మీటర్లు ఉంటుందనుకుందాం. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. 8 గేజ్ రాగి వైరు అయితే 40 ఆంపియర్లకి 0.4 వోల్ట్ దారిలోనే పోతుంది. 4 గేజ్ అయితే 0.16 వోల్ట్. ఇది అసలు రాగి లెక్క. చూడ్డానికి లావుగా ఉండి పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న వైర్లు చాలా వస్తాయి. అవి అదే మందం రాగి వైరు కన్నా కరెంటుకి దాదాపు ఒకటిన్నర రెట్లు అడ్డు పెడతాయి. ఒక్క పోగు తీసి బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం. అప్పుడు ఇంకా లావు సైజుకి వెళ్లాలి.

పాటలు మోగుతుండగా యాంప్ ప్లస్, మైనస్ టెర్మినల్స్ మధ్య వోల్టేజీ చూడండి. ఇంజన్ ఆన్‌లో ఉంటే 13.5 నుంచి 14.4 దాకా ఉండాలి. సబ్ కొట్టిన ప్రతిసారీ 12 కిందికి జారుతుంటే వైర్లో, అతుకులో, ఫ్యూజ్ హోల్డర్లో, బ్యాటరీలో ఎక్కడో లోపం ఉంది. ఫ్యూజ్ హోల్డర్‌ని చేత్తో ముట్టుకుని చూడండి. దాని ప్లాస్టిక్ మెత్తబడినా, పసుపు రంగుకి తిరిగినా మార్చెయ్యండి. ఇంజన్ ఆపి గంటల తరబడి పాటలు వినే అలవాటుంటే అది కూడా తగ్గించుకోండి, ఆ సమయంలో యాంప్‌కి అందేది 12 వోల్టుల పైచిలుకే. ఫ్యూజ్ పోతోందని ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజ్ మాత్రం వెయ్యకండి. కారు తగలబడే దారి అది.

ఇక గెయిన్. దీన్ని చాలామంది రెండో వాల్యూమ్ అనుకుంటారు. స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్ ఎంత బలంగా ఉందో, దానికి తగ్గట్టు యాంప్‌ని సర్దడానికే అది ఉంది. గెయిన్ ఎక్కువ పెడితే, యాంప్ ఇవ్వగలిగినంత ఇచ్చేశాక సంగీతపు అల పైభాగం కత్తిరించినట్టు చదునవుతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. గుండ్రటి అల పూర్తిగా చదునై చతురస్రంలా మారితే, అదే ఎత్తులో రెట్టింపు పవర్ మోస్తుంది. ఆ భారం యాంప్ మీదా, సబ్ కాయిల్ మీదా పడుతుంది. పాటల్లో మామూలుగా ఒక దరువుకీ ఇంకో దరువుకీ మధ్య యాంప్‌కి ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. క్లిప్పింగ్‌లో ఆ వ్యవధి పోతుంది.

గెయిన్ సర్దడం అరగంట పని. స్పీకర్ వైర్లన్నీ యాంప్ దగ్గర విప్పండి. స్టీరియోలో బాస్, ట్రెబుల్ అన్నీ సున్నాకి తెచ్చి, యాంప్ మీద బాస్ బూస్ట్ పూర్తిగా తగ్గించండి. గెయిన్ కనిష్ఠంలో ఉంచి, స్టీరియో వాల్యూమ్ నాలుగింట మూడు వంతులు పెట్టండి. మీరు ఇక ఎప్పుడూ అంతకు మించి పెంచకూడదు. సున్నా డెసిబెల్స్‌లో, అంటే పూర్తి బలంతో రికార్డు చేసిన 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ (ఆగకుండా మోగే ఒకే స్వరం) పెట్టండి. మీటర్‌ని ఏసీ వోల్టుల్లో ఉంచి సబ్ టెర్మినల్స్ మీద కొలుస్తూ గెయిన్ మెల్లగా తిప్పండి. ఎంత దగ్గర ఆపాలంటే, వాట్లని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం కట్టాలి. మీ సబ్‌కి 100 వాట్లు, 8 ఓమ్స్, అంటే 800కి వర్గమూలం, సుమారు 28 వోల్టులు. డోర్ స్పీకర్లు 4 ఓమ్స్ అయితే 60 వాట్లకి 15.5 వోల్టులు. వాటికి 400 హెర్ట్జ్ టోన్ వాడండి. నేనైతే ఈ అంకె కన్నా ఒకటి రెండు వోల్టులు తక్కువలోనే ఆపుతాను. స్పీకర్లు తగిలించాక యాంప్ లోపలి వోల్టేజీ కొంచెం కుంగుతుంది కాబట్టి ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి. కొలవడం అయ్యాక వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, యాంప్ ఆఫ్ చేసి అప్పుడు స్పీకర్లు కలపండి.

బాస్ బూస్ట్ గురించి ఒక్క మాట. అది 6 డెసిబెల్స్ పెడితే ఆ స్వరాల దగ్గర యాంప్ నాలుగు రెట్ల పవర్ ఇవ్వాలి. 12 పెడితే సుమారు 16 రెట్లు. అంత శక్తి మీ యాంప్‌లో లేదు, క్లిప్పింగే మిగులుతుంది. దాన్ని సున్నాలో వదిలెయ్యండి. డోర్ స్పీకర్లకి మాత్రం హై పాస్ ఫిల్టర్ (కింది స్వరాలను ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. లోతైన బాస్ వాటి వల్ల ఎలాగూ కాదు, ఊరికే ముందు ఛానళ్ల కరెంటు తాగుతుంది.

మీరు 'వాల్యూమ్ సగమే పెట్టినా కాలుతోంది, ఇదేం వింత' అనుకుని ఉండవచ్చు. క్లాస్ ఏబీకి అది సహజం. దాని ట్రాన్సిస్టర్లలో వేడి అత్యధికంగా పుట్టేది పూర్తి పవర్ దగ్గర కాదు, సుమారు 40 శాతం పవర్ దగ్గర. అందుకే ఒక మోస్తరు వాల్యూమ్‌లో చాలాసేపు వినేవాళ్లకి కూడా వేడి బాధ తప్పదు. ఇక్కడే పెట్టిన చోటు విలువ తెలుస్తుంది.

యాంప్ పైన కనిపించే ఆ అల్యూమినియం రెక్కలు అందానికి కాదు. లోపలి ట్రాన్సిస్టర్లు ఆ గోడకే నొక్కి బిగించి ఉంటాయి, వేడి వాటి నుంచి గోడకి, గోడ నుంచి గాలికి పోవాలి. గాలికి పోయే దారి మూస్తే గోడ ఉన్నా లాభం లేదు. మీరు కార్పెట్ మీద పెట్టారు. కార్పెట్ దుప్పటి లాంటిది, కింది వైపు వేడిని బయటికి పోనివ్వదు. ఒక ప్లైవుడ్ ముక్క వేసి, దాని మీద 1, 2 సెంటీమీటర్ల ఎత్తు స్పేసర్లు పెట్టి యాంప్ బిగించండి. చుట్టూ కనీసం 5 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. సీటు కింద బ్యాగులు, చెప్పులు, నీళ్ల సీసాలు తోసే అలవాటుంటే మానండి. సీటు ముందుకీ వెనక్కీ పూర్తిగా జరిపి చూసి, ఎక్కడా వైరు నలగడం లేదని నిర్ధారించుకోండి.

కొన్ని కార్లలో ముందు సీటు కిందే వెనకవాళ్ల కాళ్ల దగ్గరికి గాలి పంపే గొట్టం ఉంటుంది. ఏసీ వేసినప్పుడు అది యాంప్‌కి వరం, హీటర్ వేస్తే అదే శాపం. మీ కారులో ఉందేమో వంగి చూడండి. సీటు కింద ఎంతకీ చోటు కుదరకపోతే డిక్కీ పక్క గోడకి, రెక్కలు నిలువుగా ఉండేలా బిగించడం మంచి పద్ధతి. వేడి గాలి పైకి లేస్తుంది, రెక్కల మధ్య నుంచి నేరుగా పోతుంది. తలకిందులుగా బిగిస్తే ఆ వేడే తిరిగి లోపలి బోర్డుకి చేరుతుంది. సబ్ పెట్టె మీద మాత్రం బిగించవద్దు. పెట్టె అదురుడికి లోపలి సోల్డర్ అతుకులు, స్క్రూలు వదులవుతాయి.

ఎండలో నిలిపిన రోజు 10 నిమిషాలకే ఆగడం కూడా దీనితోనే ముడిపడి ఉంది. యాంప్ చుట్టూ ఉన్న గాలి కన్నా దాని ఒళ్లు 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకోండి. కారు లోపల 30 డిగ్రీలుంటే ఒళ్లు 70కి చేరుతుంది. ఎండకి సీటు కింద గాలే 50 దగ్గర ఉంటే అది 90 అవుతుంది. ఆ వేడికి చాలా యాంప్‌లు తమంతట తామే ఆగిపోతాయి. కాబట్టి ఎండలో నుంచి బయల్దేరేటప్పుడు అద్దాలన్నీ దించి వేడి గాలి పోనిచ్చి, ఏసీ వేసి లోపల చల్లబడేదాకా పాటల జోరు తగ్గించి ఉంచండి. ఖర్చు లేని పని ఇది.

పైన చెప్పినవన్నీ అయ్యాక, అప్పుడు ఫ్యాన్. మీ యాంప్‌కి కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల, 80 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు చాలు. ఒకటి రెక్కల ఒక చివర గాలి లోపలికి నెట్టేలా, రెండోది రెండో చివర బయటికి లాగేలా. గాలి రెక్కల పొడవునా పారాలి, అడ్డంగా కొట్టకూడదు. పెద్ద వేగం అక్కర్లేదు, మెల్లగా అయినా ఆగకుండా కదిలే గాలి ఉంటే చాలు. సీటు కింద మూసుకుపోయినట్టు ఉంటే ఆ వేడి గాలినే ఫ్యాన్ తిప్పి తిప్పి కొడుతుంది కాబట్టి బయటికి పోయే దారి ముందు చూడండి.

వైరింగ్ దగ్గర పొరపాటు చెయ్యకండి. స్టీరియో నుంచి యాంప్‌కి వచ్చే సన్నటి రిమోట్ వైరుకే నేరుగా ఫ్యాన్లు తగిలిస్తారు కొందరు. ఆ వైరు యాంప్‌ని లేపడానికి మాత్రమే, దాని వెనక ఉన్న బలం చాలా తక్కువ. స్టీరియోలోని ఆ చిన్న సర్క్యూట్ కాలితే ఇంకో ఖర్చు. మధ్యలో మామూలు కారు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) ఒకటి పెట్టండి. దాని పిన్‌ల మీద అంకెలుంటాయి. 86కి రిమోట్ వైరు, 85కి ఎర్త్, 30కి 2 ఆంపియర్ల ఫ్యూజ్ గుండా ప్లస్, 87 నుంచి ఫ్యాన్లకి. రిలే కాయిల్ మీద ఒక డయోడ్ కట్టండి, గీత ఉన్న వైపు 86కి రావాలి. రిలే ఆగినప్పుడు పుట్టే వోల్టేజీ దెబ్బ స్టీరియోకి తగలకుండా అది కాస్తుంది. సీటు కింద దుమ్ము ఎక్కువ, ఫ్యాన్ దాన్నంతా లాక్కుంటుంది. నెలకోసారి బ్రష్‌తో దులపండి, దుమ్ము పట్టిన రెక్కలు వేడిని వదలవు.

యాంప్ పెట్టెకి ఎవరైనా రంధ్రాలు చేస్తామంటే ఒప్పుకోకండి, ఒక్క లోహపు రజను లోపల పడితే షార్ట్ అవుతుంది. తడి గుడ్డ, ఐస్ లాంటివి అసలు వద్దు.

క్లాస్ డీ గురించి అడిగారు. అది వేడి తక్కువ అన్నమాట నిజం. 200 వాట్లు స్పీకర్‌కి ఇచ్చేటప్పుడు 55 శాతం సామర్థ్యం ఉన్న క్లాస్ ఏబీ 160 వాట్ల పైన వేడిగా వదులుతుంది. 85 శాతం సామర్థ్యం ఉన్న క్లాస్ డీ వదిలేది 35 వాట్లే. అంత తేడా ఉంది. కానీ ఈ ఎర్త్‌తో, ఈ వైరుతో, ఇదే గెయిన్‌తో దాన్ని తెచ్చి పెడితే అది కూడా ఆగుతుంది. నా సలహా అడిగితే, ముందు 8 ఓమ్స్‌తో కొన్నాళ్లు వినండి. బాస్ నిజంగా చాలదనిపిస్తే, 2 ఓమ్స్ మోస్తానని స్పష్టంగా రాసి ఉన్న ఒక మోనో క్లాస్ డీ యాంప్ సబ్ కోసమే కొనండి, అప్పుడు కాయిల్స్ మళ్లీ ప్యారలల్‌లో కట్టుకోవచ్చు. ఇప్పుడున్నది డోర్ స్పీకర్లకి ఉంచండి. సబ్ బరువు తీసేస్తే అది గోరువెచ్చగా మాత్రమే ఉంటుంది. దాన్ని అమ్మెయ్యాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

చివరిగా, పాడైపోయి ఉంటుందా అని అడిగారు. ఎర్ర లైటు వెలిగి ఆగిన ప్రతిసారీ యాంప్ తనను తాను కాపాడుకుంది. అందువల్ల ట్రాన్సిస్టర్లు బాగానే ఉండే అవకాశం ఎక్కువ. వేడికి మెల్లగా అరిగేవి లోపలి కెపాసిటర్లు. 10 డిగ్రీలు వేడి పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క. ఇప్పటినుంచి చల్లగా ఉంచితే మిగిలిన ఆయుష్షు నిలుస్తుంది. అయినా మనసు కుదుటపడడానికి ఒక పరీక్ష చెయ్యండి. యాంప్ చల్లగా ఉన్నప్పుడు, ఆఫ్ చేసి, స్పీకర్ వైర్లు, స్టీరియో నుంచి పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైర్లు అన్నీ విప్పండి. ఇంజన్ ఆన్ చేసి, పాట ఏమీ లేకుండా యాంప్‌ని 15 నిమిషాలు ఊరికే ఆన్‌లో ఉంచండి. తర్వాత అరచెయ్యి పెట్టి ఒంటి నిండా తడిమి చూడండి. కొంచెం వెచ్చగా, అన్ని చోట్లా ఇంచుమించు ఒకేలా ఉంటే అది ఆరోగ్యంగా ఉన్నట్టే. ఏ పనీ చెయ్యకుండానే కాలుతుంటే, లేదా ఒక్క మూలే బాగా వేడిగా తగిలితే, లోపల ట్రాన్సిస్టర్ క్లాంప్ వదులైందో, వేడి పేస్ట్ ఎండిపోయిందో, బయాస్ సెట్టింగ్ (పాట లేనప్పుడు ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు) తప్పిందో అనుకోవాలి. అప్పుడు మాత్రం మీరు విప్పకండి, లోపలి చిన్న స్క్రూలు ముట్టుకోకండి. కారు యాంప్‌లు బాగుచేసే అనుభవం ఉన్న మెకానిక్‌కి ఇచ్చి, ఏ మూల వేడిగా తగిలిందో పెట్టె మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి చూపించండి.